పెన్సిల్‌తో రాసిన పేరు

మనిషి పోయాక మూడు వారాలు ఆగాలి. అంతకన్నా ముందు వెళ్తే గద్దలా వాలాడంటారు. ఆ తరవాత వెళ్తే పాత కార్ల వ్యాపారులు మనకన్నా ముందే వాలి ఉంటారు. లార్క్‌ఫీల్డ్ క్లబ్బు రిజిస్టరు ఇప్పటికి ముగ్గురి చేతులు మారింది గానీ ఈ లెక్క మాత్రం మారలేదు. ఆ మూడో మనిషి విల్‌ఫ్రెడ్ ట్రాంటర్. సిరిల్ బ్లేక్‌వేని చర్చి పెరట్లో పూడ్చిపెట్టి మూడు వారాలైన బుధవారం పొద్దున, రిజిస్టరుని పాత తువాలులో చుట్టి పక్కసీట్లో పెట్టుకుని అతను బ్లేక్‌వే వాళ్ళ ఇంటికి బయల్దేరాడు.

లార్క్‌ఫీల్డ్ కార్లు ఆ జిల్లాలోనే, బీరులో వేసే హాప్ తోటల మధ్య ఒక రేకుల షెడ్డులో తయారయ్యాయి. చేసినవి అరవై చిల్లర. చేసిన అన్నదమ్ములిద్దరూ దివాలా తీసి ఎప్పుడో పోయారు. మిగిలిన నలభై కార్లకీ ఈ రిజిస్టరే జాతకం. కారుకొక పేజీ. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రంగు, దాని కింద యజమాని పేరు సిరాతో. సిరాతో రాసింది కొట్టెయ్యకూడదు. ఆ పేరు గల మనిషి సంతకం పెడితేనో, ప్రాణం వదిలితేనో తప్ప దాని కింద ఇంకో పేరు రాయకూడదు. రాసేది కూడా రిజిస్టరు చూసేవాడే, ఇంకో చెయ్యి పడకూడదు.

పేజీ అడుగున మాత్రం పెన్సిల్‌తో ఒక పేరుంటుంది. నా తరవాత ఇది ఫలానావాడికి ఇప్పించండి అని యజమాని చెప్పిన పేరు. మీటింగు అయ్యాక బార్లో రెండో గ్లాసు మీద చెప్తారు, రాయించుకుంటారు. కోర్టులో అది చెల్లదు. కానీ లార్క్‌ఫీల్డుకి పనికొచ్చే విడిభాగాలు ప్రపంచంలో క్లబ్బు గోడౌనులో తప్ప ఎక్కడా దొరకవు, సిరాలో పేరు లేనివాళ్ళకి క్లబ్బు ఒక్క నట్టు కూడా ఇవ్వదు. అందుకని ఇంతవరకు ఏ వితంతువూ ఎదురు చెప్పలేదు. విల్‌ఫ్రెడ్ వెళ్ళడం, కేకు తినడం, పెన్సిల్ పేరు చదవడం, ఆవిడ కళ్ళు తుడుచుకుని సరేననడం, ఇలాగే జరుగుతూ వచ్చింది. ఆవిణ్ణి ముందే ఒక మాట అడిగితే బావుండునని ఎవరికీ తట్టలేదు. చెడ్డవాళ్ళై కాదు. తట్టలేదంతే.

ఈసారి అతనికి వెళ్ళాలనీ లేదు, మానాలనీ లేదు. ఫిబ్రవరిలో భార్య నెస్టా పోయినప్పట్నించి అతనికన్నీ అలాగే ఉన్నాయి. ఏడుపు రాలేదు. పూలు పంపినవాళ్ళందరికీ పేరు పేరునా ఉత్తరాలు రాశాడు, మందులు తీసుకెళ్ళి షాపులో వాపసిచ్చాడు, రోజూ అదే డబ్బా సూపు వేడి చేసుకుని తాగాడు. గట్టి మనిషివయ్యా అని అందరూ మెచ్చుకున్నారు. గట్టితనం కాదది, మొద్దుబారిపోవడం. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు.

క్లబ్బు అధ్యక్షుడు రోలండ్ గాస్కెల్ మంగళవారమే ఫోన్ చేసి గుర్తు చేశాడు. సిరిల్ కారు ఇరవై ఏడో నంబరు. ఆ పేజీ కింద ఉన్న పెన్సిల్ పేరు గాస్కెల్‌దే.

థోరా బ్లేక్‌వే పొట్టి మనిషి. తోటలో చిక్కుడు తీగలకి కర్రలు కడుతోంది. ముందు కారు చూసేసి రండి, టీ తరవాత తాగుదురుగాని అని గరాజు తలుపు చూపించింది. యజమాని మారినప్పుడల్లా నంబరు సరిచూడాలి. విల్‌ఫ్రెడ్ బానెట్ ఎత్తి, ఎడమ పక్క ఛాసిస్ పట్టీ మీద కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. పల్చటి కాగితం దాని మీద పరిచి బొటనవేలితో నొక్కి పట్టుకుని, మెత్తటి పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దాడు. బూడిద రంగులో ముందు రెండు, తరవాత ఏడు పైకి తేలాయి. ఏడు కాలు కొంచెం వంకర. చేసిన అన్నదమ్ముల్లో చిన్నవాడిది ఎడమచెయ్యి వాటం. నకిలీ కొట్టేవాళ్ళకి ఆ వంకర ఇప్పటిదాకా కుదర్లేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక ఇతర విషయాలు కంటబడ్డాయి. గ్రీజు కొట్టాల్సిన చోట్లన్నిటా కొత్త గ్రీజు మెరుస్తోంది. ఇంజను నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే నూనె మజ్జిగలా ఉంది, అంటే ఇంజను మూత కింద ఉండే హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు కలుస్తున్నాయి. డ్రైవరు సీటు పూర్తిగా ముందుకి జరిపి ఉంది. వెనక ఒక దిండు కూడా ఉంది. సిరిల్ ఆరడుగుల పైచిలుకు మనిషి. విల్‌ఫ్రెడ్ ఇవన్నీ చూశాడు, నోటు పుస్తకంలో గాస్కెట్ సంగతి మాత్రం రాసుకుని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

వంటింట్లో ఆవిడ గింజల కేకు కోసి పెట్టింది. అతను రిజిస్టరు తెరిచి, పెన్సిల్ పేరు రోలండ్‌ది అని చెప్పాడు.

“ఎవరు రాశారది?”

“నేనే. సిరిల్ చెప్తే రాశాను.”

“అప్పుడు నేనెక్కడున్నాను?”

విల్‌ఫ్రెడ్ నిజంగానే ఆలోచించాడు. “బయట టీ బల్ల దగ్గర ఉన్నట్టున్నారు. ఆడవాళ్ళందరూ అక్కడే ఉండేవారు కదా.”

“అత్త సొమ్ము అల్లుడు దానం చేశాట్ట. నేను బయట శాండ్‌విచ్‌లు సర్దుతుంటే మీరు లోపల నా కారు ధారపోస్తున్నారన్న మాట.”

తరవాత ఆవిడ చెప్పింది. గట్టిగా కాదు, కూరగాయల ధరలు చెప్తున్నట్టు చెప్పింది. సిరిల్‌కి ఆరేళ్ళుగా చూపు నడిమధ్య మసక. పక్కలు కనిపిస్తాయి, ఎదర ఉన్నది కనిపించదు. అప్పట్నించి కారు నడిపేది ఆవిడే. వేల్స్ కొండల్లోకి, సముద్రం దాకా, మంచులో, వానలో, అంతా ఆవిడే. క్లబ్బు మీటింగుకి వచ్చేటప్పుడు మాత్రం కార్లు నిలిపే మైదానానికి ముందున్న చర్చి మలుపు దగ్గర ఆపేది. ఇద్దరూ సీట్లు మారేవారు.

“అక్కణ్ణుంచి గేటు దాకా ఆయన నడిపేవాడు, నడక వేగంతో. నేను సంచిలో కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు తల దించుకుని, కొంచెం ఎడమ, ఇంకొంచెం, ఊఁ ఇప్పుడు ఆపు, అని చెప్పేదాన్ని. మీరందరూ ఏమనేవారో గుర్తుందా?”

గుర్తుంది. సిరిల్ చూడండి రాజులా వస్తాడు, తొందరపడడు, అనేవాళ్ళు. విల్‌ఫ్రెడ్ కూడా అన్నాడు.

“అది చాలు,” అన్నాడతను. “ఆరేళ్ళుగా మీరే నడుపుతున్నారని చెప్తే కమిటీ మీ పేరు రాయమంటుంది.”

“చెప్తే మీ మొహం చూడను. ఆయన పోయాక ఆయన్ని చూసి నవ్వుకోనివ్వను. రాజులా వచ్చాడనే ఉండనివ్వండి.”

“మరి ఏ కారణం చెప్పి రాయను?”

“అది మీ తిప్పలు. నాకు మాత్రం కారు కావాలి విల్‌ఫ్రెడ్. ఆయన గుర్తుగా అనుకునేరు, కాదు. ఆయన బతికున్నప్పుడు కూడా అందులో కూచుంటే నాకు ఆయన గుర్తొచ్చేవాడు కాదు. రోడ్డే గుర్తుండేది. ఇప్పుడు ఇంట్లో పొద్దస్తమానం ఈ గోడలు చూస్తూ కూచుంటే నాకు పిచ్చెక్కుతుంది. గాస్కెట్ ఒక్కటి ఇప్పించండి, నేను నా మానాన పోతాను.”

ఆవిడ అతని కప్పు నింపింది. పాలు పోస్తూ, మీ కారు ఎవరికి రాశారు అని అడిగింది. రోలండ్‌కే అన్నాడు. నెస్టాని అడిగారా అంది. లేదన్నాడు, ఇవాళ ఏ వారం అంటే చెప్పినంత మామూలుగా. థోరా అతని మొహంలోకి ఒకసారి చూసింది. మిగిలిన కేకు కాగితంలో చుట్టి ఇచ్చింది.

శుక్రవారం సాయంత్రం గాస్కెల్ తనే వచ్చాడు, చేతిలో తోటలో కోసిన ఆస్పరాగస్ కాడల కట్టతో. రాతి క్వారీ యజమాని, భారీ మనిషి, పెద్ద గొంతు. నెస్టా శవపేటికకి భుజం పట్టినవాళ్ళలో అతనొకడు. ఆ వారం రోజులూ విల్‌ఫ్రెడ్‌కి భోజనం పంపించాడు కూడా. ఇప్పటికే అతని దగ్గర మూడు లార్క్‌ఫీల్డులున్నాయి. రాతి కొట్టంలో, టైర్లు నేలకి తగలకుండా దిమ్మల మీద, తెల్ల దుప్పట్ల కింద. వాటికి వానంటే ఏమిటో తెలియదు, పాపం రోడ్డంటే కూడా తెలియదు. ఒకసారి నడిపి చూస్తానన్న బావమరిదికి ఎలుకల భయం చెప్పి కొట్టానికి మూడు తాళాలు వేయించాడు.

విల్‌ఫ్రెడ్ ఆవిడ ఒప్పుకోలేదని చెప్పాడు.

గాస్కెల్‌కి కోపం రాలేదు. జాలిపడ్డాడు. మూడు వారాలే కదయ్యా అయింది, దుఃఖంలో ఉంది, అన్నాడు. “ఆవిడేం చేసుకుంటుందయ్యా ఆ కారుని? గేరు మార్చడమన్నా వచ్చా ఆవిడకి? ఏడాది తిరిగేసరికి అందులో కోళ్ళు గుడ్లు పెడతాయి. ఆ మర్నాడు ఎవడో పై దేశం వాడొచ్చి ఓడెక్కించుకుపోతాడు. నేను అమ్మను, నీకు తెలుసు. నా దగ్గరుంటే అది ఈ జిల్లా దాటదు.”

అందులో అబద్ధం లేదు. అతను అమ్మడు. విల్‌ఫ్రెడ్ నాలుక చివర చర్చి మలుపు వచ్చి నిలబడింది. నోరు మూసుకున్నాడు. ఒక పక్క థోరా కారు, ఇంకో పక్క సిరిల్ పరువు, మధ్యలో అతను అడకత్తెరలో పోకచెక్క. వేరే రోజుల్లో అయితే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు. ఇప్పుడు మాత్రం అవతలింట్లో ఎవరో పోట్లాడుకుంటున్నట్టుంది.

రేపు మధ్యాహ్నం కమిటీ, వీట్‌షీఫ్ పబ్బు వెనక గదిలో, ఆవిణ్ణి కూడా రమ్మందాం, మర్యాదగా చెబుదాం, అని గాస్కెల్ లేచాడు. గుమ్మంలో ఆగి, “తింటున్నావా?” అని అడిగాడు. తింటున్నానన్నాడు విల్‌ఫ్రెడ్.

ఆస్పరాగస్ ఉడకబెట్టి వెన్న వేసుకుని తిన్నాడు. ఉప్పు వెయ్యలేదని ప్లేటు కడిగేటప్పుడు తెలిసింది. ఇంకా వెలుతురుంది. గరాజు తలుపు తీసి తన ముప్పై ఒకటో నంబరు కారు మీద గుడ్డ సగం తొలగించాడు. తాళం తిప్పితే చప్పుడు లేదు, శీతాకాలం నించి కదపకపోవడంతో బ్యాటరీ దిగిపోయింది.

సీట్లో కూచుని నెస్టా ఈ కారు గురించి ఎప్పుడైనా ఏమన్నా అందా అని ఆలోచించాడు. అతను కింద పడుకుని పని చేస్తుంటే ఆవిడ టార్చి పట్టుకునేది. కొంచెం పైకి, అనేవాడు. పైకి పట్టుకునేది. ఇంకొంచెం కుడికి. పట్టుకునేది. నలభై ఏళ్ళలో ఆవిడ చెయ్యి ఎక్కడుండాలో అతను వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఆవిడకి ఇది నడపాలని ఉండేదా? అసలు ఇదంటే ఇష్టమా, మంటా? తెలియదు. తెలియనందుకు బాధ కలుగుతుందేమోనని కొంచెంసేపు ఎదురుచూశాడు. పన్ను పీకించుకున్నాక మత్తు దిగని దవడ నొక్కి చూసినట్టుంది, ఏమీ తెలియలేదు. గుడ్డ మళ్ళీ కప్పేసి లోపలికి పోయాడు.

శనివారం వాన. థోరా బస్సులో వచ్చింది. కారులో వస్తే ఎప్పుడు నేర్చుకున్నావంటారు కదా. తడిసిన తలగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్క కుర్చీలో కూచుంది. గాస్కెల్ లేచి నిప్పు దగ్గర కుర్చీ ఇచ్చాడు, ఆవిడ వద్దంది. గోడౌను చూసే హంఫ్రీ డాక్‌రే, మరో ఇద్దరు సభ్యులు, బల్ల చివర రిజిస్టరుతో విల్‌ఫ్రెడ్.

గాస్కెల్ చక్కగానే మాట్లాడాడు. సిరిల్ లాంటి డ్రైవరు ఇక పుట్టడన్నాడు. ఆ కారు ఎప్పటికీ సిరిల్ కారుగానే ఉంటుందన్నాడు. థోరాకి ఎప్పుడు చూడాలనిపించినా కొట్టం తలుపులు తెరిచే ఉంటాయి, వచ్చి కాసేపు అందులో కూచోవచ్చన్నాడు. ఇంత ఉదారంగా ఇవ్వజూపిన దాన్ని ఎవరు కాదంటారని అతను మనస్ఫూర్తిగా అనుకున్నాడు.

మీరేమన్నా చెప్తారా అని డాక్‌రే అడిగాడు.

“నాకా కారు కావాలి,” అంది థోరా. “గాస్కెట్ పోయింది. ఒకటి కావాలి.”

“మీరు నడపరు కదండీ.”

“నేర్చుకుంటాను.”

ఒక సభ్యుడు గ్లాసులోకి చూస్తూ నవ్వు దాచుకున్నాడు. గాస్కెల్ నవ్వలేదు. ఆ పాత గేరుబాక్సు మగవాళ్ళ మణికట్టే విరిచేస్తుందమ్మా, సిరిల్‌కి కాబట్టి లొంగింది, అని నెమ్మదిగా చెప్పాడు. థోరా తలగుడ్డ అంచు వేళ్ళతో పిండింది. ఒక్క మాట చాలు ఆవిడకి ఆ గదిలో నోళ్ళు మూయించడానికి. ఆ మాట అనలేదు. విల్‌ఫ్రెడ్ కళ్ళెత్తి చూస్తే కనుబొమ్మలతోనే వద్దంది.

కారు గాస్కెల్‌కే అన్నదానికి చేతులెత్తారు, నాలుగూ లేచాయి. రిజిస్టరు రాసేవాడికి ఓటు లేదు, రాయడమే అతని పని. రాయవయ్యా, అన్నాడు గాస్కెల్.

విల్‌ఫ్రెడ్ కలం మూత తిప్పి తీశాడు. జేబులోంచి మొన్న రుద్దిన కాగితం తీసి ఇరవై ఏడో పేజీలో నంబరుతో పోల్చి, పక్కన టిక్కు పెట్టాడు. సిరిల్ పేరుకెదురుగా పోయిన తేదీ వేశాడు. దాని కింద, జిల్లా రోడ్ల ఆఫీసులో మ్యాపుల మీద ముప్పై ఏళ్ళు రాసిన విడి అక్షరాలతో పేరు రాశాడు. తొందరపడలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మాటల్లో పడ్డారు, ఎవరో ఇంకో రౌండు చెప్పడానికి లేచారు. అద్దుడు కాగితం పెట్టి పిడికిలితో ఒత్తి, పుస్తకం వాళ్ళ వైపు తిప్పాడు.

డాక్‌రే కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. “ఇది థోరా బ్లేక్‌వే అని ఉంది.”

“అవును.”

“పొరపాటున రాసినట్టున్నావు,” అన్నాడు గాస్కెల్.

“పొరపాటు కాదు.”

“కొట్టెయ్ మరి.”

“సిరా కొట్టెయ్యకూడదు. ఆవిడ సంతకం పెడితే కింద ఇంకో పేరు రాయొచ్చు.” అందరూ థోరా వైపు తిరిగారు. ఆవిడ సంతకం పెట్టే మనిషిలా కనిపించలేదు.

గాస్కెల్ మెడ ఎర్రబడింది. అరవలేదు. అరిస్తేనే నయం. సిరిల్ ఇచ్చిన మాట, కమిటీ చేసిన తీర్మానం, రెండూ తోసెయ్యడానికి ఒక్క కారణం చెప్పమన్నాడు, ఒక్కటంటే ఒక్కటి. విల్‌ఫ్రెడ్ దగ్గర కారణం ఉంది. అది చెప్తే ఈ గదిలో ఎవరూ మాట్లాడలేరు.

“చెప్పను,” అన్నాడు.

వచ్చే నెల నించి రిజిస్టరు ఇంకొకరు చూస్తారని అప్పటికప్పుడే తేల్చేశారు. విల్‌ఫ్రెడ్ తలూపాడు. పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్న పుస్తకం, పోతే పోయిందనిపించింది. డాక్‌రే మొహం గంటు పెట్టుకునే, సిరాలో పేరు పడింది కాబట్టి గాస్కెట్ ఇవ్వక చస్తామా, సోమవారం పోస్టులో పంపిస్తాను, అని థోరాతో అన్నాడు. ఆవిడ థాంక్స్ చెప్పింది.

గాస్కెల్ మాత్రం కూచోలేకపోయాడు. దెబ్బ ఎక్కడో తగిలింది అతనికి. కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. “మరి నీ పేజీ సంగతేంటి? దాని కింద కూడా నా పేరే కదా ఉంది. నా చెయ్యి పట్టుకుని ఒప్పుకున్నావు. అదీ చెరిపేస్తావా?”

విల్‌ఫ్రెడ్ ముప్పై ఒకటో పేజీ తిప్పాడు. రబ్బరు తీసుకుని, కాగితం నలగకుండా రెండు వేళ్ళతో పక్కలు పట్టి, పెన్సిల్ పేరు మీద రుద్దాడు. పాత రాత, కొంచెం మొండికేసింది. పొట్టు ఊది, పుస్తకం సరిచేశాడు.

పేజీ అడుగు ఖాళీగా ఉంచడం క్లబ్బులో లేదు. డాక్‌రే పద్ధతి ప్రకారం పోయే మనిషి, కోపంలో కూడా పద్ధతి మరవడు. పెన్సిల్ ముందుకి జరిపి, సరే, మరి ఎవరి పేరు రాస్తావు అని అడిగాడు.

విల్‌ఫ్రెడ్ పెన్సిల్ తీసుకున్నాడు. ఒక క్షణం ఆలోచించి కింద పెట్టేశాడు.

“ఇప్పుడే రాయను,” అన్నాడు. “ఇంటికెళ్ళి నెస్టాని అడిగి చెప్తాను. సోమవారం ఫోన్ చేస్తాను.”

గాస్కెల్ తెరిచిన నోరు అలాగే మూసి, చెయ్యి వెనక్కి చాపి కుర్చీ వెతుక్కుని కూచున్నాడు. డాక్‌రే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. విల్‌ఫ్రెడ్ వాళ్ళ మొహాలు ఒకదాని తరవాత ఒకటి చూశాడు, తను అన్నదాంట్లో తప్పేముందో తెలియక. నియమానికి విరుద్ధమేమీ కాదు కదా, రెండ్రోజులు గడువు అడిగాడంతే. చివరికి థోరా వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లేచి అతని దగ్గరికి వస్తోంది.

అప్పుడు తెలిసింది. ఇంటికెళ్తే ఇంట్లో మనిషి లేదు. అడిగితే చెప్పేవాళ్ళు లేరు, ఇవాళే కాదు, ఇంకెప్పుడూ లేరు. ఫిబ్రవరి నించి అందరూ తనకి చెప్తున్న సంగతి, తను అందరికీ ఉత్తరాల్లో రాసిన సంగతి, ఇప్పుడు మొదటిసారి తెలిసింది.

“నేనెప్పుడూ అడగలేదు,” అన్నాడు. “టార్చి పట్టుకోమన్నాను గానీ... నీకేం కావాలని ఒక్కసారి కూడా అడగలేదు.”

థోరా అతని భుజం మీద చెయ్యి వేసింది. విల్‌ఫ్రెడ్ ట్రాంటర్ రిజిస్టరు మీద తల పెట్టుకుని, మిగతా నలుగురు మగవాళ్ళూ చూస్తుండగా, ముందు గది బార్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా ఏడ్చాడు.